నా ఒంటికి పడని ఒక్కపొద్దులు

ఒక్కపొద్దు అనే మాట వింటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

పెళ్లయి వరంగల్‌లో ఈ మగ్గాల ఇంటికి వచ్చిన కొత్తలోనే నా కడుపునొప్పి మొదలైంది. పేగులు ఎవరో పిండుతున్నట్టు ఉండేది. స్కానింగ్‌లో ఏమీ కనిపించేది కాదు. ఒక డాక్టరు గ్యాస్ అన్నాడు. ఇంకొకాయన నా ముందే మా ఆయనతో, "మనసుల ఏదో పెట్టుకున్నది, జర మంచిగ చూసుకో" అని నవ్వాడు. నేను మంచం మీద మెలికలు తిరుగుతుంటే ఆయనకు నవ్వెట్లా వచ్చిందో!

మా అత్తమ్మ చెడ్డది కాదు. అదే నా ఖర్మ. చెడ్డదైతే ఎదురు తిరిగేదాన్ని. "సోమారం ఒక్కపొద్దుండు బిడ్డా, తగ్గుతది. నీతోటి నేను గూడ ఉంట" అంది. పొద్దుగూకి దీపం పెట్టేదాకా ఇద్దరం మెతుకు ముట్టలేదు. ఆమెకేం కాలేదు. నాకు మళ్లీ నొప్పి వచ్చింది. మొక్కు చాలలేదని శనివారం కూడా కలిపింది. నొప్పి వచ్చినప్పుడల్లా వారంలో ఇంకో రోజు నా అన్నం పోయింది. చివరికి కాళ్లు చచ్చుబడి గోడ పట్టుకుని కూడా లేవలేకపోయాను. అప్పుడు కూడా ఖాళీ కడుపుతోనే దవాఖానకు తీసుకుపోయారు.

అక్కడ ఒక డాక్టరమ్మ, సీసాలో నా మూత్రం వెలుతురు తగిలి ముదురు ఎరుపుకు తిరగడం చూసి, పరీక్షకు హైదరాబాద్ పంపింది. రిపోర్టు వచ్చాక మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పింది. నెత్తురుకు ఎరుపునిచ్చే హీమ్ కాలేయంలో కూడా తయారవుతుందట. ఒక్కో మెట్టు దగ్గర ఒక్కో ఎంజైము పని చేయాలట. నాలో మూడో ఎంజైము పుట్టుకతోనే సగం పనే చేస్తుంది. కడుపు మాడితే మొదటిది రెచ్చిపోతుంది. అది తయారుచేసిన సరుకంతా ముందుకు సాగక పేరుకుపోయి నరాలను పీడిస్తుంది.

"నూలు కండెలు చుట్టుడు జోరుగ అయితాంది, నేసుడు సాగుతలేదు. గంతేగద మేడం?" అన్నాడు మా ఆయన.

"గంతే. ఈమె అన్నం మాన్పియ్యొద్దు."

అంటే నొప్పి తగ్గాలని ఉన్న ఒక్కపొద్దులే నాకు నొప్పి తెచ్చాయి. ఇంటికొచ్చి గొంతు చించుకుని అరిచాను. అత్తమ్మ ఏడ్చింది. ఆ ఏడుపు చూసినా నా కోపం చల్లారలేదు.

మొన్న శనివారం ఇంటర్ చదివే నా బిడ్డ కడుపు పట్టుకుంది. దానికీ ఆ ఎంజైము సగమేనని పరీక్షలో ఎప్పుడో తేలింది. ఇంట్లో అందరికీ తెలుసు. ఆటో పిలవమని మా ఆయనకు చెప్పి, గ్లూకోజు నీళ్లు కలుపుకుని వచ్చేసరికి, అత్తమ్మ దేవుని ముందు కూర్చోబెట్టి దాని నొసట బొట్టు పెడుతోంది.

"ఈ ఒక్క శనారం ఒక్కపొద్దుండనియ్యి బిడ్డా. దేవునికి కోపమొస్తది" అంది.

"రానియ్యి అత్తమ్మా. నాకొచ్చి ఎన్నేండ్లాయె, ఎవలన్న భయపడ్డరా?"

గ్లాసు నా బిడ్డ చేతిలో పెట్టాను. అది నానమ్మ వైపు చూసింది, నా వైపు చూసింది. గటగటా తాగేసి ఖాళీ గ్లాసు నా ముందుకు చాపింది.

"ఇంకింత కలుపమ్మా" అంది.