మూడో బూత్‌లోంచి వచ్చిన జవాబు

ఎనిమిది బూత్‌లు, పది హెడ్‌ఫోన్లు, ఒక కన్సోల్, రెండు టేప్ రికార్డర్లు, ఒక స్టెబిలైజర్. ఇంగ్లిష్ లెక్చరర్, పద్నాలుగు మంది డిగ్రీ విద్యార్థులు, టెక్నికల్ అసిస్టెంట్‌గా నేను. 1988 జులైలో, భద్రాచలం వైపు అడవి అంచున ఒక కాలేజీలో లాంగ్వేజ్ ల్యాబ్ మొదలైన రోజు గదిలో ఉన్నది ఇంతే. ఎలక్ట్రానిక్స్ డిప్లొమా తరువాత అది నా మొదటి పోస్టింగ్.

బూత్ అంటే మూడు వైపులా ప్లైవుడ్ అడ్డం పెట్టిన బల్ల. లోపల కూర్చున్నవాళ్లు మైకులో మెల్లగా పలికింది స్విచ్‌లుండే కన్సోల్ దగ్గర మాత్రమే వినిపిస్తుంది.

సీట్లు ఎనిమిదే కాబట్టి లెక్చరర్ గారు ఒక్కొక్కరినీ నిలబెట్టి, ఇంగ్లిష్ ఎందుకు నేర్చుకోవాలనుకుంటున్నారో అడిగారు. ఎక్కువమంది బ్యాంకు పరీక్ష అన్నారు. కల్లూరు కుర్రాడొకడు, "మా బావ ఇంగ్లీషుల తిడ్తుండు సార్, తిరిగి తిట్టాలె" అన్నాడు. వాడికి సీటు దొరికింది.

తరువాత లేచిన లక్ష్మిది టేకులపల్లి అవతల గూడెం. ఇంట్లో కోయ భాష మాట్లాడతారు. తెలుగు బళ్లో నేర్చుకుంది. ఆమె రెండు మాటలు అన్నదో లేదో వెనక నుంచి ఎవరో, "సార్, గామెకు ముందు తెలుగు నేర్పుండ్రి!" అన్నారు. గదంతా నవ్వింది. లక్ష్మి మాట మధ్యలోనే ఆపి కూర్చుంది.

"ఎందుకో చెప్పకుంటే సీటెట్లియ్యాలమ్మా?" అని లెక్చరర్ గారు తరువాతి పేరు పిలిచారు.

అందరినీ అడగడం అయ్యేసరికి ఏడు సీట్లు నిండాయి. మైకులు పరీక్షించడం నా పని. అందుకోసం సీటు దొరకనివాళ్లను బూత్‌లలో కూర్చోబెట్టాను. లెక్చరర్ గారూ నేనూ కన్సోల్ దగ్గర చెరొక హెడ్‌ఫోన్ పెట్టుకున్నాం. స్విచ్ మూడో బూత్‌కు తిప్పి, ఏదైనా మాట్లాడమన్నాను. లక్ష్మి గొంతు వినిపించింది.

"నేను తెలుగు మాట్లాడితే నవ్వుతరు సార్. ఇంగ్లీషైతే అందరం తడబడుడే గద. గీళ్ల అమ్మలు గూడ ఇంగ్లీషు మాట్లాడలే."

లెక్చరర్ గారు మళ్లీ చెప్పమన్నారు. ఆమె మళ్లీ చెప్పింది. ఎనిమిదో సీటు ఆమెకు ఇచ్చారు.

ఆ ఏడాదంతా, టేపు ఆగిపోయాక కూడా లక్ష్మి హెడ్‌ఫోన్ తీసేది కాదు. వచ్చిన కాసిని ఇంగ్లిష్ మాటలతోనే ఇప్పపూల గురించి, వాగు గురించి, వాళ్ల మేకల గురించి చెప్పుకుపోయేది. మధ్యలో ఆగి, "సార్, వింటున్నరా?" అని అడిగేది. "అవ్, వింటున్న" అనేవాణ్ణి. మళ్లీ మొదలుపెట్టేది.

చదువుకునేవాళ్లు ఇంగ్లిష్ కోరుకునేది ఉద్యోగం కోసమేనని నాకు శిక్షణలో చెప్పారు. నవ్వుకు భయపడకుండా మాట్లాడే చోటు కోసం కూడా కోరుకుంటారని ఆ గదిలో తెలిసింది. తరువాత నేను పనిచేసిన ప్రతి ల్యాబ్‌లోనూ ఇంగ్లిష్ ఎందుకన్న ప్రశ్నను బూత్‌లో కూర్చోబెట్టాకే అడిగించాను.

ఏడాది చివర మౌఖిక పరీక్ష బూత్ లేకుండా, అందరి ముందు జరిగింది. యాభైకి ఇరవై ఆరు మార్కులతో లక్ష్మి పాసైంది.