అమ్మ చూడని మసీదు

మా ఇంట్లోవాళ్ళం ఏ ఊరు చూడడానికి వెళ్ళినా సామాన్ల దగ్గర ఒకరు కూర్చోవాలి. ఆ ఒకరు ఎప్పుడూ అమ్మే. "మేం చూసొచ్చాక నువ్వు వెళ్దువుగాని" అని నాన్న ప్రతిసారీ మనస్ఫూర్తిగానే అనేవాడు. మేం చూసొచ్చేసరికి బస్సు టైమయ్యేది. అలా అమ్మ గోల్కొండ గేటు చూసింది, మ్యూజియం టికెట్ల కిటికీ చూసింది, జూ బయట చెరుకురసం బండి చూసింది. ఈ జాబితా తనే నవ్వుతూ చెప్పేది. చిన్నప్పుడు నాకూ నవ్వొచ్చేది. ఇప్పుడు రావడం లేదు.

ఒక్కచోట మాత్రం అమ్మ లోపలికి వెళ్ళి తీరాలనుకుంది. అది హైదరాబాదులో మక్కా మసీదు. తొంభైల మొదట్లో మాట, నాకప్పుడు పదేళ్ళు.

మాది జగ్గయ్యపేట. నాన్నకు బజారులో బియ్యం, పప్పుల హోల్‌సేల్ కొట్టు. ఇంటి పక్కనే నడుమెత్తు గోడ, దాని అవతల ఒక ముస్లిం కుటుంబం ఉండేది. ఆయన సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసేవాడు, ఆవిడ జాకెట్లు కుట్టేది. అమ్మా ఆవిడా ఇద్దరూ నందిగామ ఆడపిల్లలే, ఇంచుమించు ఒకే ఏడాది పెళ్ళయి పేటకు వచ్చారు. అందుకని ఒకరినొకరు వదినా అని పిలుచుకునేవాళ్ళు, నాకు ఆవిడ అత్తయ్య. ఇంత చనువున్నా అమ్మ ఏనాడూ ఆ గోడ దాటలేదు. మా నాయనమ్మ దాటనివ్వలేదు. కుట్టి తెచ్చిన జాకెట్లను నీళ్ళలో జాడించి ఆరేశాకే ఇంట్లోకి రానిచ్చే మనిషి ఆవిడ. కుట్టు మాత్రం అత్తయ్యదే కావాలి, ఇంకెవరు కుట్టినా చంకల దగ్గర పట్టేస్తుందని గొణిగేది. ఈ తిక్క లెక్క నాకు అప్పుడూ అర్థం కాలేదు, ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

చిన్నపిల్లలకు ఆ ఆంక్ష లేదు కాబట్టి జాకెట్టు గుడ్డలు ఇచ్చిరావడం, కుట్టినవి తేవడం నా పని. ముందు గదిలో మిషను పక్కన కూర్చుని, డబ్బాలోని గుండీలను రంగులవారీగా వేరుచేస్తూ, ఆవిడ హెమ్మింగ్ ముగించేదాకా ఉండేదాన్ని.

వేసవి సెలవుల్లో సగం నందిగామలో అమ్మమ్మగారింట్లో గడిచేవి. ఆవకాయ ముక్కలకు జీడి తీసి గుడ్డతో తుడవడం, మేడమీద వడియాలకు కాపలా కాస్తూ కాకులకంటే ముందు మేమే తినేయడం, ఎర్ర ఐసుఫ్రూటు తిని ఎవరి నాలుక ఎక్కువ ఎర్రగా ఉందో అద్దంలో చూసుకోవడం. మిగతా సగం పేటలో. ఆ ఏడాది మాత్రం ఆ మిగతా సగంలోంచి నాలుగు రోజులు తీసి, హైదరాబాదులో మేనమామ ఇంటికి వెళ్దామన్నాడు నాన్న. తిరుగు ప్రయాణం రోజున చార్మినారూ, పక్కనే మసీదూ చూసి బస్సెక్కుదామని ఏర్పాటు.

ఈ సంగతి తెలిసి అత్తయ్య గోడ దగ్గరికొచ్చింది.

"వదినా, మక్కా మసీదు చూస్తారంటగా. లోపల ఎట్లా ఉంటదో చూసొచ్చి నాకు చెప్పాలి."

"మీ మసీదు గురించి నన్నడుగుతారేంటండీ?" అంది అమ్మ.

"నేనెప్పుడు చూసాననీ? మా ఆడోళ్ళం ఇంట్లోనే నమాజు చదువుకుంటాం. మన పేటలో మసీదు మెట్లు కూడా ఎక్కలా నేను. మా ఆయన్నడిగితే, మసీదు మసీదులాగే ఉంటది అంటాడు. మీరు సినిమా కథ చెప్తే ఇంక టికెట్టు కొనక్కర్లా. మీరు చెప్తే నేను చూసినట్టే."

అమ్మ ముఖం వెలిగిపోయింది. తన గొప్పతనం గురించి ఎవరైనా ఒక మాట అనడం మా ఇంట్లో అరుదు. "గోడ గోడా చూసొచ్చి చెప్తా" అని మాటిచ్చింది.

మసీదు దగ్గరికి చేరేసరికి మిట్టమధ్యాహ్నం. రెండు బ్యాగులు, మామయ్యవాళ్ళు ఇచ్చిన అట్టపెట్టె, తమ్ముడి కొత్త బూట్లు, మా చెప్పులు. గేటు నీడలో అవన్నీ పోగుపడ్డాయి. నాన్న ఆ వాక్యం అననే అన్నాడు. అమ్మ కూర్చుంది. కానీ నేను వెళ్తుంటే చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఒకవేళ నాకు కుదరకపోతే... నువ్వు పెద్దదానివి. బాగా చూసిరా. అత్తయ్యకి చెప్పాలి."

బాగా చూసింది లేదు. మే నెల ఎండలో ఆ రాళ్ళమీద ఉత్తకాళ్ళతో పది అడుగులు వేసేసరికి ఏడుపొచ్చింది. నాన్న, తమ్ముడు చకచకా నడిచి అటువైపు కమానుల దాకా వెళ్ళిపోయారు. నేను నీళ్ళ హౌజు దగ్గరే ఆగి, కాళ్ళు తడుపుకుంటూ, పావురాలకు గింజలు వేసే వాళ్ళను చూస్తూ కూర్చుండిపోయాను. మసీదు నా ఎదురుగానే ఉంది. తలెత్తి సరిగా చూడను కూడా లేదు.

బయటికి వచ్చాక నాన్న వాచీ చూసుకుని, "ఇంకా పావుగంట ఉంది. నేను ఆటో మాట్లాడుకొస్తా. అమ్మాయ్, నువ్వు కాసేపు సామాన్ల దగ్గర కూర్చో, అమ్మ చూసొస్తుంది" అన్నాడు. అమ్మ అప్పటికే లేచి నిలబడి చీర సర్దుకుంటోంది. నేను కూర్చోనన్నాను. భయమన్నాను, దాహమన్నాను, కాళ్ళు కాలాయన్నాను. గొంతెత్తి ఏడ్చాను. నిజానికి భయమేమీ లేదు. ఒట్టి మొండితనం. అమ్మ లోపలికి ఒకసారి చూసి, "పోనీలే" అని మళ్ళీ కూర్చుంది.

బస్సులో మొదలుపెట్టింది అమ్మ. నాన్నను అడిగితే, "నాలుగు గోడౌన్లంత ఉంది. పదివేల బస్తాలు దింపొచ్చు" అన్నాడు. తమ్ముడు పావురాలున్నాయన్నాడు. ఇక నా వంతు. నేను లోపల ఏమీ చూడలేదని చెప్పాల్సింది. కానీ అమ్మ నా వైపు తిరిగి కూర్చుని, ఆశగా, ఒక్కొక్కటే అడుగుతుంటే నోరు రాలేదు.

"పచ్చ తెరలుంటాయమ్మా" అన్నాను. "అంచులకి తెల్ల పూసలు. ఎండ పడితే నేలమీద ఆకుపచ్చగా నీడ పడుద్ది."

"ఇంకా?"

"గోడకి గడియారం. పది నిమిషాలు ముందుంటది."

"ముందెందుకే?"

"నమాజుకి లేటవకుండా. మూల ఒక నీలం సీసా, అందులో అత్తరు. గూట్లో జరీ గుడ్డలో చుట్టిన పుస్తకం."

ఆ మాటలు ఎక్కడినుంచి వస్తున్నాయో నాకే తెలియదు. సూర్యాపేట దాటేదాకా అడుగుతూనే ఉంది, నేను చెబుతూనే ఉన్నాను. హైవేమీద చిల్లకల్లులో దిగి పేటకు ఆటో ఎక్కేసరికి అమ్మకు అన్నీ కంఠతా వచ్చేశాయి.

మర్నాడు గోడ దగ్గర అమ్మ చెబుతుంటే నేను ఈ పక్క బట్టలుతికే బండమీద కూర్చుని ఉన్నాను. అమ్మ నిజాయితీగా ముందే చెప్పేసింది, "నేను వెళ్ళలేకపోయానండీ, సామాన్ల దగ్గర ఉండాల్సొచ్చింది. మా అమ్మాయి అన్నీ చూసింది" అని. తర్వాత తెరలూ పూసలూ వర్ణించింది. అత్తయ్య పళ్ళమధ్య దారం పట్టుకుని వింటోంది. గడియారం దగ్గరికొచ్చేసరికి దారం తీసి, "ఎంత ముందుందన్నారు?" అంది.

"పది నిమిషాలంట."

అత్తయ్య నా వైపు చూసింది. "నువ్వే చూసావా?"

తలూపాను.

"బాగా చూసావే పిల్లా" అని, పొయ్యిమీద ఏదో ఉందంటూ గబగబా లోపలికి వెళ్ళిపోయింది.

ఆ వారంలోనే ఆవిడ కుట్టు మిషను ముందు గదిలోంచి వరండాలోకి వచ్చేసింది. లోపల ఉక్కగా ఉందని చెప్పింది. కొలతలైనా, గుండీలైనా ఇక వరండాలోనే. సిమెంటు లారీలు లేపే తెల్లటి దుమ్ములో, ఎండలో, చెమట తుడుచుకుంటూ కుట్టేది. లోపలికంటే బయటే ఉక్కగా ఉందని నాకు అనిపించేది కానీ అడగలేదు. నాకు మళ్ళీ లోపలికి వెళ్ళే అవసరం రాలేదు.

రెండువేల సంవత్సరం దాటాక నేను హైదరాబాదులో చదువుకుంటూ స్నేహితురాళ్ళతో మళ్ళీ మక్కా మసీదుకు వెళ్ళాను. ఈసారి కాళ్ళు కాలినా కమానుల దాకా నడిచాను. ఆడవాళ్ళను నమాజు హాల్లోకి రానివ్వరు, బయట నిలబడి చూశాం. ఎత్తయిన రాతి కమానులు, వేలాడే దీపాలు, వరసలు వరసలుగా పరిచిన చాపలు, చాలా నిశ్శబ్దం. అంత పెద్ద చోటు కళ్ళముందు పెట్టుకుని, చిన్నప్పుడు ఒక్కసారి తలెత్తనందుకు నామీద నాకే కోపం వచ్చింది. పచ్చ తెరలు మాత్రం లేవు. సెలవులకు ఇంటికెళ్ళి అమ్మతో చెబుదామనుకున్నాను. కానీ ఆ మసీదు గురించి అమ్మ అప్పటికి ఎందరికో చెప్పింది, నందిగామలో అమ్మమ్మతో సహా. నోరు మెదపలేదు.

ఆ మరుసటి వేసవిలో అత్తయ్య కొడుక్కి హైదరాబాదులో ఉద్యోగం వచ్చింది. అతను వాళ్ళమ్మను తీసుకెళ్ళి అన్నీ చూపిస్తున్నాడని అమ్మ ఉత్సాహంగా చెప్పింది. ఆవిడ తిరిగొచ్చేదాకా రెండు రోజులు అన్నం సయించలేదు. నా అబద్ధం బయటపడుతుందని కాదు. అమ్మ ఇచ్చి, నిలబెట్టుకున్నాననుకుంటున్న మాట అది. అది అబద్ధమైపోతే అమ్మ ముఖం ఎలా ఉంటుందో నాకు తెలుసు.

అత్తయ్య వచ్చింది. గోడ దగ్గర నిలబడి, "అంతా మీరు చెప్పినట్టే ఉంది వదినా" అంది.

అమ్మ నన్ను చూసి మురిసిపోయింది. నేను భరించలేకపోయాను. ఒక జాకెట్టు గుడ్డ చేతిలో పట్టుకుని అత్తయ్య వెనకాలే వాళ్ళ ఇంటికి వెళ్ళాను.

"అత్తయ్యా, ఎందుకలా చెప్పారు? నేనూ చూసొచ్చా. అక్కడ పచ్చ తెరలెక్కడున్నాయి?"

"ఇక్కడున్నాయిగా" అని ముందు గది తలుపు తోసింది.

కిటికీకి పచ్చ తెర, బాగా వెలిసిపోయింది, అంచుకి తెల్ల పూసలు. నేలమీద ఆకుపచ్చ నీడ. మూల నీలం సీసా. గూట్లో జరీ గుడ్డలో చుట్టిన పుస్తకం. గోడమీద గడియారం. నా చేతి వాచీ చూసుకున్నాను. పది నిమిషాలు ముందుంది.

"మీ అమ్మ తెరలనగానే అనుమానమొచ్చింది. గడియారం దగ్గర నవ్వాపుకోలేక లోపలికి పరిగెత్తా" అంది అత్తయ్య. "నవ్వుకున్నాక ఈ గది చూసా. నేల నిండా గుడ్డపేలికలు, దారాలు. చిన్నపిల్లకి ఇది మసీదులాగా కనపడితే, నేనేంటి దీన్ని ఇట్టా ఉంచాను అనిపించింది. మిషను బయటపెట్టేసా. అప్పట్నుంచి అయిదు పూటలా నమాజు ఇక్కడే. నేను మీ అమ్మకి అబద్ధం చెప్పలా. చెప్పినట్టే ఉంది."

ఏడ్చాను. ఈసారి మొండితనం కాదు.

ఇంటికొచ్చి అమ్మకు అంతా చెప్పేశాను. మసీదులో నేనేమీ చూడలేదని, హౌజు దగ్గరే కూర్చున్నానని, అన్నీ కల్పించానని. అమ్మ కోప్పడలేదు. చేతిలో చేట పక్కనపెట్టింది.

"మరి అవన్నీ ఎక్కడివే?"

"పక్కింట్లోవి. రా, చూపిస్తా."

నాయనమ్మ పోయి అప్పటికి నాలుగేళ్ళు. అయినా అమ్మ ఆ గోడ దాటలేదు, అలవాటైపోయిందనేది. ఆ రోజు కూడా లేచి, నాయనమ్మ పడుకునే గది వైపు ఒకసారి చూసింది. తర్వాత చెప్పులేసుకుని నా వెంట వచ్చింది. గోడ చుట్టి, వీధిలోంచి వెళ్తే ముప్పై అడుగులు కూడా లేవు.

వరండాలో చెప్పులు విడిచి, అవి చేతిలోకి తీసుకుని, ఎక్కడ పెట్టాలా అని అటూ ఇటూ చూస్తూ నిలబడింది అమ్మ. అత్తయ్య తలుపు దగ్గరికొచ్చింది.

"అక్కడే వదిలెయ్యండి వదినా. ఇక్కడ ఎవరూ కాపలా కూర్చోనక్కర్లా. లోపలికి రండి."

అమ్మ తలమీదికి కొంగు లాక్కుని లోపలికి వెళ్ళింది. తర్వాత, "నిజంగానే పది నిమిషాలు ముందుందండీ" అన్న అమ్మ గొంతు, ఇద్దరి నవ్వూ వినిపించాయి.

ఆ పావుగంటా నేను బయట, చెప్పుల దగ్గర కూర్చున్నాను.