సరోజక్క ఉత్తరంలో చివరి మాట

ధర్మవరంలో మా చేనేత సంఘాన్ని నడిపే సరోజక్క, ఓబులేసన్న భార్యాభర్తలు. నేను వాళ్లకు కార్యదర్శిని. ఒక ధర్నా కేసులో పోలీసులు వాళ్ల ఫోన్లు తీసుకున్నాక, ఊళ్లు తిరిగే ఆ ఇద్దరూ నాకు ఉత్తరాలే రాసేవారు. ఉత్తరం వస్తే మగ్గాలు ఆపి, ఒక్క మాటా వదలకుండా అందరికీ చదివి వినిపించాలి. అది మా కట్టుబాటు.

పెనుకొండ ధర్నాకు ముందురోజు హిందూపురం నుంచి అక్క ఉత్తరం వచ్చింది. విప్పేలోపే ఎస్సై మా మగ్గాల షెడ్డులోకి వచ్చి చెయ్యి చాపాడు.

"ఆ ఉత్తరం ఇట్లియ్యమ్మా."

"ఇందులో దాపరికమేమీ లేదు సార్. చదువుతాండా, మీరూ వినండి" అన్నాను.

గట్టిగా చదివాను. "మమ్మల్ని పట్టుకపోయినా ధర్నా ఆపగూడదు." చివరి వాక్యం కంటపడగానే ఎస్సై వైపు ఒకసారి చూశాను. అయినా కట్టుబాటు కట్టుబాటే.

"ఎస్సై వస్తే మజ్జిగియ్యి సుజాతా, ఉత్తరం మాత్రం ఇయ్యొద్దు."

ఎవరూ నవ్వలేదు. ఎస్సై ముఖం కందగడ్డ అయింది. నేను వెళ్లి మజ్జిగ తెచ్చాను.

తర్వాత నా మీదా కేసు పెట్టారు. ఇప్పటికీ వాయిదాలకు తిరుగుతున్నాను. బాధ లేదు. ఆ రోజు ఒక చేత్తో గ్లాసు అందించాను. ఉత్తరం రెండో చేతిలోనే ఉంది.