సోడా వేయని గుగ్గిళ్ళు

ఆళ్లగడ్డ బస్టాండు బయట ఖాసింబీ గుగ్గిళ్ళ బండికి ఉన్నది ఒకటే పేరు, శనగలు మెత్తబడడానికి ఆమె వంటసోడా వేయదు. పక్క బండి దావీదు చిటికెడు వేస్తాడని ఊరందరికీ తెలుసు, అతనూ దాచుకోడు. ఖాసింబీ మాత్రం సంజామల శనగలు రాత్రే నానేసి, తెల్లారి ఉడికించి, ఎండుమిరప, ఉల్లిపాయ తాలింపు పెడుతుంది. ఉడికిన నీళ్ళు పారబోయదు, ఇంట్లో చారు కాస్తుంది. సోడా వేస్తే గింజలో సత్తువ పోతుందని ఎవరూ అడక్కపోయినా చెబుతుంది. అంత గొప్ప చెప్పుకునే మనిషికి ఒక్కరోజు చాలదూ, తల దించుకోవడానికి.

రోజూ నంద్యాలలో బట్టల కొట్టులో పనికి పోయే శ్రీవాణికి ఏడో నెల. రక్తం తక్కువుంది, గుగ్గిళ్ళు తినమని నర్సు చెప్పినప్పటినుంచి ఖాసింబీ దగ్గరే పొట్లం కట్టించుకుంటోంది. ఒంటికి బాగా పడుతుందని ఖాసింబీ ఆ పొట్లంలో నిమ్మకాయ పిండి మరీ ఇచ్చేది. ఆ మర్యాద ఇంకెవరికీ లేదు.

మొన్న గడివేములలో పెళ్ళికి పోయొచ్చి, ఖాసింబీ ఒళ్ళు తెలీకుండా నిద్రపోయింది. శనగలు నానేయలేదు. తెల్లారి ఎంత మంట పెట్టినా ఉడకవు. బేరం పోతుందని పక్కింట్లో అడిగి సోడా వేసింది. అహోబిలం యాత్రికులు భలే మెత్తగా ఉన్నాయని మెచ్చుకుని తిన్నారు. వాళ్ళు మెచ్చుకునే కొద్దీ ఆమెకు సిగ్గు ముంచుకొచ్చింది.

అప్పుడొచ్చింది శ్రీవాణి.

"అవ్వా, బేగా కట్టు. బస్సొస్తాంది."

సోడా వేశానంటే చుట్టూ ఉన్నవాళ్ళు వింటారు. అనకుండా ఈ పిల్లకు పెట్టడానికి మనసు రాదు. ఖాసింబీ గబుక్కున గిన్నె మీద గుడ్డ కప్పింది.

"అయిపోయినాయమ్మా."

"పొగలొస్తాండాయి గదా?"

"లేవంటి గదా."

అంతలో జీపు డ్రైవరు దుడ్లు చాపాడు. అలవాటైన చెయ్యి గుడ్డ తీసి పొట్లం కట్టేసింది.

"నాకే లేవా అవ్వా?" శ్రీవాణి మెల్లిగా అడిగి, కాసేపు నిలబడింది.  ఖాసింబీకి నడివీధిలో బట్టలూడినంత సిగ్గేసింది. బస్సు కదిలేదాకా గిన్నెలోంచి తలెత్తలేదు.

ఆ సాయంత్రమే శనగలు నానేసింది. మర్నాడు నిమ్మకాయ పిండిన పొట్లం పక్కన పెట్టుకుని, ఎవరు విన్నా సరే, ఉన్నమాట చెప్పేద్దామని కూర్చుంది. శ్రీవాణి వచ్చింది. ఇటు చూడకుండా దావీదు బండి దగ్గర ఆగింది.

"నాకిస్తావా అన్నా?"

ఖాసింబీ లేచి నిలబడింది. చెప్పాలనుకున్న మాటకు బదులు పాత మాటే పైకొచ్చింది.

"దాంట్లో సోడా ఉంటాదమ్మా."

"ఉండనీలే అవ్వా. ఈయప్ప లేవని చెప్పలేదు."