బోణీకి ముందు పళ్లెం

గది ఊడుద్దామని మిక్చర్ డబ్బాను పక్కకు జరపబోయాను. బరువుంటుందని రెండు చేతులూ వేసి, నడుం బిగించి ఎత్తితే, అది ఖాళీ బిందెలా ఒక్కసారిగా ఛాతీ దాకా లేచి వచ్చింది. నా గుండె మాత్రం కిందికి జారింది.

మొదట ఎలుకలనుకున్నాను. నాకు దేనికైనా ముందు భయమే వస్తుంది. ఎలుకలంటే రోగాలు, రోగాలంటే పిల్లలు. కానీ డబ్బా మూత గట్టిగా బిగించి ఉంది. ఎలుకలు మూతలు పెట్టవు. పక్క డబ్బా ఎత్తాను. అదీ తేలికే.

అవి లాక్‌డౌన్ రోజులు. హైదరాబాద్‌లో పురానాపూల్ దగ్గర మా ఇంటి కింద మామయ్య హోల్‌సేల్ దుకాణం, పైన మేము. మిక్చర్, కారబూందీ, సేవ్ చిన్న కొట్లకు వేస్తారు. ఆ కొట్లే మూతపడ్డాక సరుకు కదలక, రేకు డబ్బాలన్నీ పై అంతస్తు గదిలోకి చేర్చారు. హాస్టల్ మూసేయడంతో ఎమ్మెస్సీ చదివే మా ఆడబిడ్డ కూడా ఇంటికొచ్చి ఆ గదిలోనే మకాం పెట్టింది. ఇంట్లో సిగ్నల్ సరిగ్గా అందేది అక్కడే.

తలస్నానం చేసి వచ్చిన ఆడబిడ్డ, డబ్బా పట్టుకుని నిలబడ్డ నన్ను చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏంది వదినా, దొంగను పట్టినట్టు సూస్తున్నవ్?"

నవ్వబోయింది కానీ నవ్వు నిలవలేదు. ఉప్పుకు పెదవులు పగిలి ఉన్నాయి. మెట్లు దిగుతూ గోడ పట్టుకుని ఆగడం అంతకుముందే చూశాను. ఎండ దెబ్బేమో అనుకున్నాను.

"పొద్దున ఖిచిడీ ఎందుకు తినలేదు? నిన్న అన్నం కూడా అలాగే ఉండిపోయింది."

"బోణీ కాలే వదినా."

ఆ ఇంట్లో ఒక నియమం ఉంది. పొద్దున మొదటి గిరాకీ వచ్చి బోణీ అయ్యేదాకా మగవాళ్లు చాయ్ తప్ప ఏదీ ముట్టరు. మా ఆడబిడ్డ చిన్నప్పుడే ఆ నియమాన్ని చదువుకు తెచ్చుకుంది. ఆ రోజు మొదటి పాఠం అయ్యాకే పళ్లెం ముందు కూర్చునేది. "నా బిడ్డ అసలైన షావుకారి" అని మామయ్య వచ్చినవాళ్లందరికీ చెప్పుకునేవారు. పాఠం గంటలో అయిపోయే రోజుల్లో అది ముచ్చటే. ఇప్పుడు ల్యాబు మూతపడింది. సగంలో ఆగిన ప్రయోగాలతో ప్రాజెక్టు రిపోర్టు రాయాలి. గైడు మెయిల్ మీద మెయిల్ పంపుతున్నాడు. మొదటి పేజీ కుదరదు. అది కుదిరేదాకా భోజనం లేదు.

"మరి ఇవి?" అని డబ్బాలు చూపించాను.

"ఇది తినుడు గాదు గదా, నోట్ల ఏస్కునుడు. పరేషాన్ అయితే చెయ్యి గట్ల పోతది." మంచం మీద కూలబడింది. "నువ్వు ఫికర్ జెయ్యకు. బాపుకు మాత్రం చెప్పకు."

మా నాన్న కంచన్‌బాగ్ రక్షణ సంస్థలో ఉద్యోగం చేసేవారు. టిఫిన్ తినకుండా గడప దాటనిచ్చేవారు కాదు. అలాంటి ఇంటి నుంచి వచ్చిన నేను, ఇది వాళ్ల పద్ధతి, నాకెందుకులే అనుకుని ఊరుకునేదాన్నేమో. కానీ ఆ సాయంత్రం మా పెద్దది పాలగ్లాసు పక్కకు నెట్టింది.

"హోంవర్క్ అయినంకనే తాగుత. అత్త గట్లనే చేస్తది."

మా ఆయనకు చెబితే, "బాపు ముంగట బోణీ మాటెత్తకు, లొల్లయితది" అన్నారు. అయినా కింద మామయ్య దగ్గరికి వెళ్లాను. మామయ్య అంతా విని తల అడ్డంగా ఊపారు.

"గది నియమం బిడ్డా. మా బాపు కాడి నుంచి వస్తున్నది."

"మీకు ఆలస్యంగానైనా ఎవరో ఒక గిరాకీ వస్తాడు మామయ్యా. ఆమె గదిలోకి ఎవరొస్తారు?"

మామయ్య లెక్కల పుస్తకం మూశారు. లేచి పైకి వెళ్లారు, వెనకే నేను. చేత్తో లేపి బరువు చెప్పడం ఆయనకు జీవితమంతా చేసిన పని. ఒక డబ్బా లేపి దించారు. ఇంకొకటి లేపారు. మూడో దాని మీద చెయ్యి వేసి, లేపకుండానే కూతురి వైపు చూశారు. ఆమె తల దించుకుంది. ఆయన గబగబా మెట్లు దిగిపోయారు. కోప్పడి ఉంటే నాకు అంత భయం వేసేది కాదు.

మర్నాడు పొద్దున దుకాణం షట్టర్ ఇంకా ఎత్తలేదు. ఖిచిడీ దించి, చింతపండు, నువ్వుల ఖట్టా కలుపుతున్నాను. మామయ్య వంటింటి గుమ్మంలోకి వచ్చారు.

"రెండు పళ్లాలు పెట్టు బిడ్డా. నాకొకటి, నీ ఆడబిడ్డకొకటి."

ఆమె మెట్ల మీదే నిలబడిపోయింది. "బాపూ, బోణీ గాలే!"

"గాలే. ఆకలైతున్నది."

"బోణీ గాకముందు తింటే లక్ష్మి పోతదంటివి గదనే?"

"లక్ష్మి మీది రూంల కూసోని మిక్చర్ బుక్కుతున్నది. ముందు ఆమెను కిందికి దించాలె."

మా ఆయనకు చాయ్ పొలమారింది. ఆడబిడ్డ నవ్వుతూనే ఏడ్చింది. మామయ్య మొదటి ముద్ద తను తిని, రెండోది కలిపి కూతురి నోటికి అందించారు. జీవితంలో మొదటిసారి, షట్టర్ ఎత్తకముందే, ఆయన పళ్లెం ఖాళీ అయింది. ఆమె రెండోసారి వడ్డించుకుంది. గరిటె పట్టుకున్న నా చేతికి ఏదో రాజ్యం గెలిచినంత బలం వచ్చింది.

రిపోర్టు మొదటి పేజీ ఆ రోజూ కుదరలేదు. అయినా మధ్యాహ్నం అన్నం తింది. పేజీ తర్వాతెప్పుడో కుదిరింది, దాని వెనక మిగతావీ వచ్చాయి, పట్టా వచ్చింది. ఇప్పుడు ఓ కాలేజీలో పాఠాలు చెబుతోంది. టిఫిన్ తినకుండా వచ్చిన పిల్లల్ని ముందు క్యాంటీన్‌కు తోలుతుందట. పిల్లలు పడుకున్నాక ఇది రాస్తూ కూడా నేను రెండుసార్లు లేచి వాళ్ల నుదుళ్లు తాకి వచ్చాను. నా భయం ఎక్కడికీ పోలేదు. కానీ ఆ రోజు పక్క డబ్బా కూడా ఎత్తి చూసేలా చేసింది ఆ భయమే కదా అని ఇప్పుడు దాన్ని తిట్టుకోవడం మానేశాను.

ఆ పొద్దున పిల్లలిద్దరూ కళ్లు నలుపుకుంటూ వచ్చి, బోణీకి ముందే తింటున్న తాతను వింతగా చూశారు.

"అమ్మా, మరి నా హోంవర్క్?" అంది పెద్దది.

పాలగ్లాసు చేతికిచ్చి చెప్పాను.

"ముందు తాగు. హోంవర్క్ తర్వాత. రేపటి నుంచి పళ్లు తోముకోగానే ఇద్దరూ పైకెళ్లి అత్తను చెయ్యి పట్టుకుని కిందికి తీసుకురండి. తాత కూడా మీతోనే కూర్చుంటాడు."