రెండో గోపురం కట్టిన ఏడాది

పోర్ట్‌లీష్‌లో ఉండే తెలుగువాళ్ళలో గిరిజాకుమారిని ఎరగని వాళ్ళు తక్కువ. ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తుంది. పుట్టింది బందరులో, చదివింది గుంటూరులో, ఐర్లండ్ వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. భర్త కృష్ణ మూర్తి పొద్దున్నే రైలెక్కి డబ్లిన్ వెళ్ళి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి వస్తాడు. కూతురు వర్షితకు పదిహేడేళ్ళు. ఊళ్ళో ఎవరింటికి భోజనానికి వెళ్ళినా గిరిజాకుమారి గోడ మీది ఫొటోల దగ్గర కాసేపు ఆగిపోతుంది. "మీ బాబాయి పెళ్ళి వేసవిలో కాదండీ, వెనకాల పందిట్లో చామంతులున్నాయి" అంటుంది. ఇంటివాళ్ళు వెళ్ళి అడిగి చూస్తే నిజంగానే అది మాఘమాసం అవుతుంది.

రెండేళ్ళ కిందట ఒక శనివారం, వాన పడుతుండగా, పక్కింటి అబిగేయిల్ బిస్కెట్ల డబ్బా ఒకటి చంకలో పెట్టుకుని వచ్చింది. ఎనభై మూడేళ్ళ మనిషి. బడిపంతులమ్మగా చేసి రిటైరయింది. పెళ్ళి చేసుకోలేదు. ఆ నెలలోనే ఆమె తమ్ముడు పోయాడు. అతని ఇల్లు సర్దుతుంటే అల్మారా అడుగున ఈ డబ్బా కనబడిందట.

"ఇవి మా పెదనాన్న డెనిస్ పంపినవి" అంది, టీ కప్పు పక్కకు జరిపి మూత తీస్తూ. "ఓడల్లో ఇంజినీరుగా వెళ్ళి మెక్సికోలో దిగిపోయాడు. పందొమ్మిది వందల ముప్పై ఒకటిలో ఆఖరి ఉత్తరం. ఆ తరవాత మాటా లేదు, మంతీ లేదు. మా నాన్నమ్మ ఆయన పేరు ఇంట్లో ఎత్తనిచ్చేది కాదు. కన్నతల్లిని మరిచిపోయినవాడి పేరు నాకొద్దు అనేది."

చిన్న చిన్న ఫొటోలు పదకొండున్నాయి. పది ఫొటోలు ఒక ఆల్బం అట్టల మీద జిగురుతో అంటించి ఉన్నాయి. పదకొండోది విడిగా, వెనక అట్టకూ తొడుగుకూ మధ్య దోపి ఉంది. సముద్రం, ఇసుక, చెక్క వంతెన, చర్చి, కొబ్బరి చెట్లు. ఉత్తరాలేవీ డబ్బాలో లేవు. ఫొటోల్లో దేని మీదా తారీఖు లేదు, ఊరి పేరు లేదు.

గిరిజాకుమారి ఒక ఫొటో ఎత్తి దీపం కిందికి తెచ్చింది. పెద్ద రేకుల షెడ్డు ముందు ముగ్గురు మగవాళ్ళు నిలబడ్డారు. షెడ్డు పైన బోర్డు మీద ఏవో అర్థంకాని అక్షరాలు.

"అది వాళ్ళ భాష కాబోలు, మాకెప్పుడూ అంతుపట్టలేదు" అంది అబిగేయిల్.

"ఈ ఫొటో తిరగబడింది" అంది గిరిజాకుమారి.

అబిగేయిల్ కళ్ళజోడు సవరించుకుంది. ఎక్స్‌రే తీసేటప్పుడు ఎడమో కుడో తెలిసే సీసపు గుర్తు పక్కన పెట్టకుండా గిరిజాకుమారి ఇన్నేళ్ళలో ఒక్క బొమ్మ తీయలేదు. అది మరిచిపోతే ఒక కాలు బదులు ఇంకో కాలు కోస్తారు. గుర్తు లేని బొమ్మ కనబడితే ఆమె కళ్ళు వాటంతటవే ఎడమా కుడీ వెతుక్కుంటాయి.

"చొక్కాలు చూడండి. మగవాళ్ళ చొక్కాకు ఎడమ పట్టీ పైకొస్తుంది. ఇక్కడ ముగ్గురికీ కుడి పట్టీ పైనుంది. ముగ్గురూ ఆడవాళ్ళ చొక్కాలు తొడుక్కోరు గదా. కడిగినవాళ్ళు నెగెటివ్‌ను బోర్లా తిప్పేశారు."

ఫోనుతో ఫొటో తీసి, ఎడమా కుడీ తారుమారు చేసి, మేడ మీదున్న కూతుర్ని పిలిచింది. "వర్షితా, ఓసారి కిందికి రావే. ఇక్కడ ఏం రాసుందో చదివిపెట్టు."

వర్షిత స్కూల్లో స్పానిష్ చదువుతోంది. తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే వస్తుంది. ఫోను తీసుకుని బోర్డును పెద్దది చేసింది. "ఫాబ్రికా దె ఇయెలో. దట్స్ ఐస్ ఫ్యాక్టరీ, మమ్. అండ్ దెన్ సాన్ తెల్మో. మస్ట్ బీ ద టౌన్."

అబిగేయిల్ ఫోను అందుకుని బోర్డును తనే మళ్ళీ చూసింది. తొంభై ఏళ్ళుగా ఆ ఊరి పేరు వాళ్ళింట్లోనే ఉంది, అద్దంలో చూడాల్సిన వాటంలో.

ఇక అక్కణ్ణుంచి గిరిజాకుమారికి ఆ డబ్బా పట్టుకుంది. డ్యూటీ లేని రోజున పదకొండు ఫొటోలనూ భోజనాల బల్ల మీద పరిచేది. కృష్ణ మూర్తి కంచం పట్టుకుని సోఫాలోకి వెళ్ళిపోయేవాడు. "ఇంకా మెక్సికోలోనే ఉన్నావా?" అని అడిగేవాడు. "వచ్చేస్తా ఉండండీ" అనేది గాని, వచ్చేది కాదు.

ముందు ఆమె వాటిని వరసలో పెట్టింది. చర్చి నాలుగు ఫొటోల్లో ఉంది. రెండింట్లో గంటల గోపురం ఒక్కటే. ఇంకోదాంట్లో అటు పక్కన వెదురు కట్టి ఉంది, అంటే రెండో గోపురం లేస్తోంది. విడిగా దోపిన పదకొండో ఫొటోలో మాత్రం రెండు గోపురాలూ పూర్తయి కనబడుతున్నాయి. కాబట్టి అన్నిటికన్నా ఆఖరిది అదే.

ఆ ఫొటోలో డెనిస్ లేడు. ఒక ఇంటి ముందు ముదురు రంగు బట్టల్లో ఒక ఆడమనిషి, ఆమె చెయ్యి పట్టుకుని మూడు నాలుగేళ్ళ పాప. వెనక మూసిన తలుపు. తలుపు పై భాగంలో నల్లటి మరక. దూరాన ఇంటి కప్పుల మీదుగా చర్చి.

"ఆ మరకేమిటి?" అని అబిగేయిల్ అడిగింది.

"బూజండీ. తేమకు పాత ఫొటోలకు పట్టేస్తుంది. మా బందర్లో పెళ్ళి ఆల్బాలన్నీ అట్లాగే పోయాయి" అని గిరిజాకుమారి ధీమాగా చెప్పింది.

మెక్సికోలో సాన్ తెల్మోలు ఒకటికి మించే ఉన్నాయి. సముద్రం ఒడ్డున, ఐసు ఫ్యాక్టరీ ఉండేంత చేపల రేవున్నది ఒకటే తేలింది, పసిఫిక్ వైపు. ఆ ఊరి పాత ఫొటోలు పోగుచేసి ఇంటర్నెట్‌లో పెట్టే ఒకావిడ ఉందని వర్షిత కనిపెట్టింది. పేరు ఎల్వీరా, ఆవిడా రిటైరయిన టీచరే. తల్లి తెలుగులో చెబుతుంటే కూతురు స్పానిష్‌లో రాసింది. పదకొండు ఫొటోలూ ఫోనులో తీసి పంపారు. గిరిజాకుమారి తన పరిశోధన కూడా జతచేయించింది: వంతెన ఫొటోలో సూర్యుడు సముద్రం మీద కిందికున్నాడు గనక అది పొద్దుపొడిచే వేళ తీసింది, వంతెన మీద వలలతో ఉన్నవాళ్ళు చేపల వేటకు బయల్దేరుతున్నారు అని.

నాలుగు రోజులకు జవాబు వచ్చింది. వర్షిత చదువుతూ నవ్వాపుకోలేకపోయింది. "షీ సేస్, మా ఊళ్ళో సూర్యుడు సముద్రంలోంచి రాడు, సముద్రంలోకి పోతాడు అంట" అని, అరుదుగా, తెలుగులోనే చెప్పింది. వాళ్ళు వేటకు వెళ్ళడంలేదు, వేట ముగించి ఇంటికొస్తున్నారు. బందరులో పుట్టినవాళ్ళకు సముద్రం ఎప్పుడూ తూర్పే. గిరిజాకుమారికి ఈ సంగతి తట్టనేలేదు.

ఉత్తరంలో ఇంకా రెండు ముక్కలున్నాయి. ఒకటి: రెండో గోపురం 1935 నవంబరులో పూర్తయిందని చర్చి పుస్తకాల్లో ఉంది. అంటే పదకొండో ఫొటో డెనిస్ ఆఖరి ఉత్తరానికి కనీసం నాలుగేళ్ళ తరవాతది. రెండోది ప్రశ్న: తలుపు మీద ఉన్నదేమిటి? మరొక్కసారి చూడగలరా?

"బూజు అని రాసెయ్" అంది గిరిజాకుమారి. వర్షిత రాయలేదు. "యూ హావెంట్ యాక్చువల్లీ చెక్డ్, మమ్" అంది.

ఆ మాట గుచ్చుకుంది. నిజమే, తను చూడలేదు, ఊహించింది. ఆసుపత్రిలో కొత్తగా చేరిన పిల్లలకు తను రోజూ చెప్పేది అదే: మచ్చ కనబడితే అది మనిషిలో ఉందా, ఫిల్ము మీద ఉందా ముందు తేల్చుకోండి అని. శుక్రవారం మధ్యాహ్నం ఊరి లైబ్రరీకి వెళ్ళి మంచి స్కానర్ మీద ఫొటో పెట్టింది. తెర మీద తలుపు అరచెయ్యంత అయింది.

బూజు పడితే దానికి తలుపూ గోడా తేడా తెలియదు, ఇష్టమొచ్చినట్టు పాకుతుంది. ఈ మరక తలుపు చెక్క దాటి ఒక్క వెంట్రుక అటు పోలేదు. పైన ముడి, ముడి కింద రెండు కొసలు వేలాడుతున్నాయి. కొసల పక్కన తలుపు మీద సన్నటి నీడ కూడా పడింది. ఫొటో మీద పట్టినదానికి నీడ పడదు. అది తలుపుకు కట్టిన నల్ల గుడ్డ.

స్కాన్ చేసిన బొమ్మ ఎల్వీరాకు వెళ్ళింది. తెల్లారేసరికి జవాబు వచ్చింది. మా వైపు ఇంట్లో మనిషి పోతే తలుపుకు నల్ల గుడ్డ ముడి వేస్తారు, నేను అనుకున్నది ఇదే, ఇక చచ్చిపోయినవాళ్ళ రిజిస్టరు చూస్తాను, ఏ ఏడాది నుంచి చూడాలో ఇప్పుడు తెలిసింది కదా అని రాసింది.

వారం తరవాత వచ్చిన రిజిస్టరు నకలూ, పెద్దది చేసిన ఫొటో పట్టుకుని గిరిజాకుమారి పక్కింటి తలుపు కొట్టింది. వర్షిత కూడా వెంట వచ్చింది. వంటింట్లో అబిగేయిల్ ఎదురుగా కూర్చుని, ముందు తన తప్పు చెప్పుకుంది.

"ఆ రోజు మీకు బూజు అని చెప్పానండీ. చూడకుండా చెప్పాను. అది నల్ల గుడ్డ. మీ పెదనాన్నగారు 1936 ఫిబ్రవరిలో జ్వరంతో పోయారు. ముప్పై నాలుగేళ్ళు. రిజిస్టరులో దియొనీసియో అని రాశారు, డెనిస్‌ను వాళ్ళు అట్లా పలుకుతారట. ఐసు ఫ్యాక్టరీలో ఇంజినీరు, ఐర్లండ్ మనిషి అని కూడా ఉంది. భార్య పేరు రెఫూహియో."

అబిగేయిల్ ఫొటోను దగ్గరికి లాక్కుంది. తలుపును వేలితో తడిమింది.

"మేమూ కట్టేవాళ్ళం" అంది. "మా నాన్న పోయినప్పుడు మా గుమ్మానికి నల్ల క్రేపు గుడ్డ నేనే కట్టాను. ఈ గుడ్డ ఇంత పెద్దగా కనబడి ఉంటే మా నాన్నమ్మకు ఎవరూ చెప్పక్కర్లేకపోయేది. ఫొటో చూస్తే అగ్గిపెట్టెంత ఉంది, ఆవిడ చూపేమో అంతంత మాత్రం."

ఇంగ్లీషు రాని ఒక మనిషి, అసలు రాయడమే వచ్చో రాదో, తనకు తెలిసిన పద్ధతిలో అత్తగారికి కబురు పంపింది. ఇక్కడివాళ్ళకు అది ఎవరో ముక్కూ మొహం తెలియని ఆడమనిషి ఫొటో అయింది. దాన్ని ఆల్బంలో అంటించనూలేదు, పారెయ్యనూలేదు.

"పాప?" అంది అబిగేయిల్.

వర్షిత రెండో కాగితం అందించింది. బాప్తిస్మం రిజిస్టరు, 1932. "షీ వాజ్ కాల్డ్ ఒనోరా" అంది. "హానోరా, లైక్. ద స్పానిష్ వే."

అబిగేయిల్ కాగితం బల్ల మీద పెట్టి రెండు చేతులూ దాని మీద ఆనించింది. "మా నాన్నమ్మ పేరు హానోరా" అంది.

ఆ పూట టీ ఎవరూ తాగలేదు. గిరిజాకుమారి లేచి ఆమె భుజం మీద చెయ్యి వేసి నిలబడింది. వాళ్ళిద్దరికీ ఇరుగుపొరుగుగా పదేళ్ళ పరిచయం, కానీ ఒకరినొకరు ముట్టుకున్నది అదే మొదటిసారి.

వెళ్ళబోతుంటే అబిగేయిల్ అడిగింది: "ముప్పై రెండులో కూతురు పుట్టింది, ముప్పై ఆరులో పోయాడు. మధ్యలో నాలుగేళ్ళున్నాయి. తల్లి పేరు పెట్టుకున్నవాడు ఆ పేరు పెట్టానని తల్లికి ఒక్క ముక్క ఎందుకు రాయలేదు?"

"రాశారేమో, చేరలేదేమో. రాయలేదేమో" అంది గిరిజాకుమారి. "అది ఫొటోల్లో దొరకదండీ."

ఈసారి ఆమె ఊహించి చెప్పలేదు.

ఒనోరా కోసం ఎల్వీరా వెతికింది. తల్లీ కూతుళ్ళు 1940 ప్రాంతంలో గ్వాదలహారా నగరానికి వెళ్ళిపోయారని మాత్రం తేలింది. అక్కడి చర్చీలకు వర్షిత ఉత్తరాలు రాస్తూనే ఉంది. రెండు చోట్ల నుంచి మా పుస్తకాల్లో లేదని జవాబు వచ్చింది, మిగతావాళ్ళు పలకలేదు. స్పానిష్ పరీక్షకు ఇంతకంటే మంచి సాధన లేదని కృష్ణ మూర్తి అంటాడు. ఇప్పుడు ఆదివారాలు ఆయన కూడా భోజనాల బల్ల దగ్గరే కూర్చుంటున్నాడు. సాన్ తెల్మోలో ఎవరివో తెలియని ఫొటోలు ఎల్వీరా మూడు వందలు పంపింది. వాటిలో మోటారు కార్లు ఏ ఏడాదివో తేల్చడం ఆయన వంతు.

కిందటి వేసవిలో అబిగేయిల్ వాళ్ళ కుటుంబ సమాధి రాతి మీద డెనిస్ పేరు చెక్కించింది. పుట్టిన ఏడాది, పోయిన ఏడాది, కింద సాన్ తెల్మో, మెక్సికో అని. కృష్ణ మూర్తి అందరినీ కార్లో తీసుకెళ్ళాడు. ఫాదర్ వచ్చి ప్రార్థన చేశాడు. గాలికి వర్షిత గొడుగు తిరగబడింది. ఆ రాయి ఫొటో ఎల్వీరాకు పంపాలని గిరిజాకుమారి నాలుగు వైపుల నుంచీ నాలుగు తీసింది. వాటి వెనక ఆ రోజు తారీఖు, తీసిన వేళ, ఏ దిక్కుకు తిరిగి తీసిందో రాసిపెట్టింది.

పదకొండో ఫొటోను పెద్దది చేయించి అబిగేయిల్ తన ముందుగదిలో చలి కాచుకునే పొయ్యి పైన పెట్టుకుంది. వచ్చినవాళ్ళు ఆ నల్ల బట్టల మనిషి ఎవరని అడుగుతారు.

"మా పెద్దమ్మ రెఫూహియో, మా అక్క ఒనోరా" అని చెబుతుంది అబిగేయిల్.