గట్టు తెలియని గుండె

నా పెనిమిటికి పట్నం దవాఖానాలో వేరేవాళ్ల గుండె పెట్టారు. మనిషి బతికి ఇంటికొచ్చాడని నేను సంబరపడుతుంటే, మా గూడెం పెద్దకు వేరే బెంగ పట్టుకుంది. ఆయన నాకు వరసకు మామ.

"ఆ గుండెది ఏ గట్టు?" అని అడిగాడు.

మా దగ్గర వంశాలను గట్లు అంటారు. ఒకే గట్టువాళ్లు అన్నాచెల్లెళ్ల లెక్క, పెళ్లి కుదరదు. గుండె ఎవరిదో దవాఖానావాళ్లు చెప్పరు.

"నీ పుట్టింటి గట్టుదే అయితే ఎట్ల కోడలా? వీడు నీకు అన్న అయితడు గదా!"

సంగతి తేలేదాకా నా మంచం పశువుల కొట్టంలో వేయించారు. గోళీలు ఇవ్వడానికి మాత్రం లోపలికి రానిచ్చేవారు. ఆ గోళీల అట్టల మీది పేర్ల కోసమే నేను యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను.

చివరికి ఒక దారి దొరికింది. పరాయి పిల్లవాణ్ని పెంచుకుంటే గట్టులో కలుపుకుంటాం. గుండెను కూడా అట్లాగే కలిపేద్దాం అన్నారు. మా ఆయన ఛాతీ మీద పసుపునీళ్లు చల్లి, కోడిని కోసి, గట్టువాళ్లందరికీ ఇప్పసారాతో భోజనం పెట్టాం. నా మంచం ఇంట్లోకి వచ్చింది.

తెల్లారి ఆయన గోళీలు మింగనన్నాడు.

"పరాయిదని ఒళ్లు దాని మీద పడతదనే గదా ఈ గోళీలు? ఇప్పుడది మనోడే."

"డాక్టరమ్మ చెప్పింది యాదికి లేదా?"

"నాకు నొప్పి లేదు, ఆయాసం లేదు. ఏందే నీ లొల్లి?"

నొప్పి లేదనే మాటకే నాకు భయమేసింది. గుండె మార్చినప్పుడు నరాలు తెగిపోతాయని, అది పాడవుతున్నా నొప్పి తెలియకపోవచ్చని డాక్టరమ్మ చెప్పింది. రోగాల నుంచి ఒంటిని కాచే కాపలావాళ్లు ఎన్నేళ్లయినా దాన్ని పరాయిదిగానే చూస్తారట. దాని రక్తనాళాల లోపలి గోడలు మెల్లగా మందమై, దారి సన్నబడుతుందట. గోళీలు కాపలావాళ్ల జోరు తగ్గిస్తాయి గానీ పూర్తిగా ఆపలేవట. మానేస్తే ఇక అడ్డే ఉండదు.

బతిమాలాను, తిట్టాను. వినలేదు. పెద్ద దగ్గరికి పోయాను.

"మామా, కలుపుకునే భోజనం గట్టోళ్లల్ల కొందరు తినకుంటే చెల్లుతదా?"

"ఎట్ల చెల్లుతది? ఎవరు తినలే?"

"మా ఆయన ఒంట్లె కాపలావాళ్లు. వాళ్లూ మీ గట్టోళ్లే గదా. పిలిచినమా?"

పెద్ద ముఖం మాడిపోయింది. "ఎంతమంది ఉంటరు?"

"లెక్క లేదు. పాతోళ్లు పోతుంటరు, రోజూ కొత్తోళ్లు పుడుతుంటరు."

"కొత్తోళ్లకు గీ సంగతే తెల్వదు!"

"గదే గదా మామా."

చాలాసేపు తల గోక్కున్నాడు. లేచి మా వాకిట్లోకొచ్చి గట్టిగా చెప్పాడు: "అందరూ ఒప్పుకునేదాక ఆ గుండె చుట్టమే, గట్టుది కాదు. గోళీలు ఏసుకోవాలె."

"అయితే దీని మంచం మళ్ల కొట్టంలకా?" అన్నాడు మా ఆయన.

"మంచం సంగతి ఎనక చూద్దాం. ముందుగాల మింగు."

డాక్టరమ్మ మాటకూ, నా మాటకూ లొంగని మనిషి నీళ్ల చెంబు అందుకున్నాడు. పెద్ద మా ఆయన నోరు తెరిపించి, నాలుక ఎత్తించి కింద కూడా చూశాడు. తర్వాత చుట్టూ చేరినవాళ్ల వైపు తిరిగి, "మింగిండు" అని చెప్పాడు.